సముద్రతీరంలో రిసార్ట్ ఊరు: కట్టకూడని గీత నుంచి తలుపు బందుల దాకా

తీరం పక్కన వంద ఎకరాలు చేతిలోకి రాగానే స్థలం యజమాని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సముద్రం కనిపించేలా ఎన్ని ప్లాట్లు వస్తాయి?" ఆ ప్రశ్నకు జవాబుగా గీసిన మాస్టర్ ప్లాన్ దాదాపు ఎప్పుడూ ఒకేలా వస్తుంది. ఒడ్డు వెంబడి ఒక వరుస విల్లాలు, వాటి వెనక రోడ్డు, ఆ వెనక ఎవరికీ పట్టని మిగతా స్థలం. ముందు వరుస మంచి ధరకు అమ్ముడుపోతుంది. వెనక ఉన్నవాళ్ళకు ఎదురింటి గోడే సముద్రం. పాతికేళ్ళ తర్వాత ముందు వరుసవాళ్ళు ఒడ్డున బండరాళ్ళు పోయించుకుంటూ ఉంటారు.

ఈ పని తలకిందులుగా మొదలవ్వాలన్నది నా అభిప్రాయం. ముందు ఎక్కడ కట్టకూడదో గీసుకోవాలి, మిగిలిన చోట ఎలా కట్టాలో ఆ తర్వాత చూడాలి. ఖాళీగా వదిలిన ఆ పట్టీయే ఊరంతటికీ విలువ తెస్తుంది. కింద చెప్పే దశలు కొన్ని వందల ఇళ్ళు, ఒక హోటల్, ఒక బజారు వీధి ఉండే మధ్యరకం రిసార్ట్ ఊరికి సరిపోతాయి.

మొదటి దశ: ఒక ఏడాది తీరాన్ని చూడండి

సముద్రపు ఒడ్డు నిలకడగా ఉండదు. ప్రశాంతమైన నెలల్లో ఇసుక ఒడ్డెక్కి బీచ్ వెడల్పవుతుంది. తుఫాను కాలంలో కెరటాలు అదే ఇసుకను లాక్కెళ్ళి లోపల నీటి అడుగున దిబ్బలుగా పోస్తాయి. వెడల్పుగా ఉన్న నెలలో సర్వే చేయించి, ఆ మ్యాపునే పట్టుకుని ప్లాను గీస్తే మొదటి తుఫానుకే లెక్క తప్పుతుంది. అందుకే ఏడాదిలో కనీసం రెండుసార్లు, తుఫాను కాలానికి ముందొకసారి, తర్వాతొకసారి, ఒడ్డుకు అడ్డంగా నేల ఎత్తులు (లెవెల్స్) కొలిపించాలి.

ఒక్క ఏడాది మాత్రం చాలదు కదా అంటారా? పాత సంగతులకు ఉపగ్రహ చిత్రాలున్నాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితంగానే దొరుకుతున్నాయి. 1980ల నుంచి వచ్చినవాటిలో ఒక్కో చుక్క 30 మీటర్ల నేలను చూపిస్తుంది కాబట్టి ప్లాటు హద్దులు తేల్చడానికి పనికిరావు. నలభై ఏళ్ళలో తీరం ముందుకొచ్చిందా, వెనక్కి పోయిందా, దగ్గర్లోని నది ముఖం ఎటు జరిగింది అన్నవి మాత్రం తెలిసిపోతాయి. పాత ఏరియల్ ఫోటోలు దొరికితే ఇంకా మంచిది.

ఇదే ఏడాదిలో నాలుగు సంగతులు రాసుకోవాలి. గాలి ఏ నెలలో ఎటు నుంచి, ఎంత వేగంతో వీస్తోంది. ఇసుక ఒడ్డు వెంట ఏ దిక్కుకు ప్రయాణిస్తోంది. బావుల్లో నీటిమట్టం, ఉప్పదనం నెలనెలా ఎలా మారుతున్నాయి. వాననీరు సహజంగా ఏ పల్లం గుండా పోతోంది. అక్కడ వేటకు వెళ్ళేవాళ్ళు ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడండి. పోయిన పెద్ద తుఫానులో నీళ్ళు ఏ చెట్టు దాకా వచ్చాయో వాళ్ళు చూపించే గుర్తు చాలాసార్లు కన్సల్టెంటు రిపోర్టు కంటే ఉపయోగపడుతుంది.

రెండో దశ: కట్టకూడని గీత

మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే ఖరీదైన గీత ఇదే, కాస్త తీరిగ్గా చూద్దాం.

చాలా దేశాల్లో చట్టమే ఒక దూరం చెబుతుంది. స్పెయిన్ 1988 నాటి తీర చట్టం ఒడ్డు నుంచి 100 మీటర్ల పట్టీకి రక్షణ కల్పించింది. భారతదేశం 1991లో ఇచ్చిన మొదటి తీర నియంత్రణ నోటిఫికేషన్ పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా భూమిని నియంత్రణ కిందికి తెచ్చింది. మీ చోట ఏ చట్టం ఉందో చూసుకోండి, అయితే దాన్ని కనీస హద్దుగానే తీసుకోండి. చట్టం దేశమంతటికీ ఒకే కొలత చెబుతుంది. మీ ఇసుకకు దాని సొంత లెక్క ఉంటుంది.

ఆ లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు తీరం సగటున ఏడాదికి అర మీటరు కోతకు గురవుతోందనుకుందాం. ఇంటి ఆయుష్షు 70 ఏళ్ళనుకుంటే 35 మీటర్లు. ఒక పెద్ద తుఫాను ఒక్కరాత్రిలో కోసుకుపోయే మేర ఇంకో 20 మీటర్లు. ఆపైన సముద్రమట్టం పెరుగుదల. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ ప్యానెల్ (ఐపీసీసీ) ఆరో నివేదిక ప్రకారం ఈ శతాబ్దం చివరికి, ఉద్గారాలు బాగా తగ్గితే 0.28 నుంచి 0.55 మీటర్లు, తగ్గకపోతే 0.63 నుంచి 1.01 మీటర్ల దాకా పెరుగుదల ఉండొచ్చు. ఇసుక తీరంలో మట్టం ఒక మీటరు పెరిగితే ఒడ్డు సుమారు 50 నుంచి 100 మీటర్లు వెనక్కి జరుగుతుందన్నది బ్రూన్ సూత్రం చెప్పే ముతక అంచనా. 0.6 మీటర్లు తీసుకుని తక్కువ గుణకంతో లెక్కేసినా 30 మీటర్లు వస్తుంది. వీటికి ఇసుక దిబ్బ మళ్ళీ పెరగడానికి 25 మీటర్లు చోటు కలిపితే మొత్తం 110. ఈ అంకెలన్నీ పద్ధతి చూపించడానికి వేసుకున్నవే. మీ అంకెలు మీ సర్వే నుంచి రావాలి, వాటిని తీర ఇంజనీరు ఒకరు సరిచూడాలి. రాతి తీరానికైతే ఈ లెక్క అసలు వర్తించదు.

ఇసుక దిబ్బల్ని చదును చేస్తే వ్యూ బాగా వస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట విన్నప్పుడు కాన్‌కూన్ సంగతి చెప్పండి. మెక్సికోలో 1970లలో సముద్రానికీ ఉప్పునీటి సరస్సుకూ మధ్య ఉన్న సన్నటి ఇసుక పట్టీ మీద, దిబ్బల్ని తొలగించి హోటళ్ళు వరుసకట్టిన చోటు అది. 2005 అక్టోబరులో విల్మా హరికేన్ వచ్చి చాలా హోటళ్ళ ముందు బీచ్‌నే ఊడ్చుకుపోయింది. సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి పోశారు. అదీ కొట్టుకుపోతే కొన్నేళ్ళకు మళ్ళీ పోశారు. దిబ్బ ఇసుకకు బ్యాంకు లాంటిది. తుఫానప్పుడు కెరటాలు అందులోంచి తీసుకుంటాయి, ప్రశాంతంగా ఉన్నప్పుడు గాలి తిరిగి జమ చేస్తుంది. దాని మీద కాంక్రీటు పోస్తే ఖాతా మూసేసినట్టే.

మరి గోడ కట్టేస్తే? గోడ దాని వెనకున్న ఇంటిని కాపాడొచ్చు. దాని ముందున్న బీచ్‌ని కాపాడదు. కెరటం గోడకు కొట్టుకుని వెనక్కి పోతూ గోడ పాదం కింద ఇసుకను తోడేస్తుంది. ఒడ్డుకు అడ్డంగా రాతి కట్టలు వేస్తే ఒక పక్క ఇసుక చేరుతుంది, రెండో పక్క పొరుగువాడి తీరం కోతకు గురవుతుంది. బీచ్ కోసమే జనం వచ్చే ఊరిలో బీచ్‌ని పోగొట్టే గోడ కట్టుకోవడం ఎంతవరకు తెలివైన పనో మీరే ఆలోచించండి.

మూడో దశ: గదుల సంఖ్యను నీళ్ళు తేల్చాలి

మామూలుగా గదుల సంఖ్య ముందు వస్తుంది, నీళ్ళు ఎక్కడివన్న ప్రశ్న తర్వాత వస్తుంది. తీరంలో ఇది ప్రమాదం. ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. రెండింటి బరువుల్లో తేడా వల్ల, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుంది. దీన్ని గైబెన్-హెర్జ్‌బర్గ్ నిష్పత్తి అంటారు. వినడానికి బాగానే ఉంది, తిప్పి చదివితే టెన్షన్ మొదలవుతుంది. బోర్లు తోడి మట్టం ఒక్క మీటరు దించితే, కాలక్రమంలో కింది నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ తియ్యబడటానికి ఏళ్ళు పడుతుంది. ఆ బావి మీ ఒక్కరిదీ కాదు, పక్క ఊరిది కూడా.

కాబట్టి బోరు నీటిని లెక్కలో చివర్న పెట్టండి. వాన నీటి నిల్వ, ఊరి పైపులైను, శుద్ధిచేసిన మురుగునీటి పునర్వాడకం, తప్పకపోతే ఉప్పునీటి శుద్ధి, ఈ వరుసలో చూడండి. రద్దీ ఎక్కువుండే వారంలో ఎన్ని నీళ్ళు నమ్మకంగా ఇవ్వగలరో తేల్చుకున్నాకే గదుల సంఖ్య రాయండి. సగటు రోజు లెక్క ఇక్కడ పనికిరాదు.

మురుగు శుద్ధి ప్లాంటుకూ ఇదే చిక్కు. సెలవుల్లో ఊరు కిక్కిరిసి ఉంటుంది, మిగతా నెలల్లో ఖాళీ. ప్లాంటులో పనిచేసేవి బాక్టీరియా, వాటికి రోజూ తిండి కావాలి. ఒకే పెద్ద ట్యాంకు కడితే ఖాళీ నెలల్లో అవి చచ్చిపోతాయి, సీజన్ మొదటి వారంలో కంపు కొడుతుంది. రెండు మూడు చిన్న యూనిట్లుగా కట్టి, రద్దీని బట్టి ఒక్కొక్కటీ తెరవాలి. పగలు సముద్రం నుంచి, రాత్రి నేల వైపు నుంచి గాలి వీస్తుంది కాబట్టి ప్లాంటుని పూర్తిగా వెనక పెట్టినా రాత్రి వాసన ఇళ్ళ మీదికి రావచ్చు. పక్కకు పెట్టి, చుట్టూ చెట్లు పెంచడం మేలు.

నాలుగో దశ: వీధుల ఎముకల గూడు

ఇక్కడ రెండు ఆలోచనా ధోరణులున్నాయి. రెండింటి ఉదాహరణలూ అమెరికాలోనే ఉన్నాయి, రెండూ ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం.

ఒకటి ఫ్లోరిడాలోని సీసైడ్. తాత నుంచి వచ్చిన 80 ఎకరాల్లో రాబర్ట్ డేవిస్ 1981లో మొదలుపెట్టిన ఊరు. ఆండ్రెస్ డ్వానీ, ఎలిజబెత్ ప్లేటర్-జైబర్క్ ప్లాను గీశారు. తీరానికి సమాంతరంగా పోయే రోడ్డుకు నేల వైపునే చాలామటుకు ఇళ్ళున్నాయి. వీధులు సముద్రం వైపు సాగి, ఒక్కో వీధి చివర ఒక్కో చిన్న మండపం దగ్గర ఆగుతాయి. ఒక్కో మండపాన్ని ఒక్కో ఆర్కిటెక్ట్ గీశారు. దాని మెట్లు దిగితే బీచ్. అంటే వెనక వరుసలో ఇల్లున్నవాడికి కూడా "మా వీధి మండపం" ఒకటి ఉంది. ఇళ్ళ వెనక నుంచి సన్నటి ఇసుక దారులు, చెప్పుల్లేకుండా నడిచే పిల్లల కోసమన్నట్టుగా ఉంటాయి.

రెండోది ఉత్తర కాలిఫోర్నియాలోని సీ రాంచ్. 1960లలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ లారెన్స్ హాల్‌ప్రిన్ పది మైళ్ళ తీరానికి ప్లాను వేసేముందు గాలి, నేల, చెట్ల మీద చాలా కాలం అధ్యయనం చేశాడు. గాలిని ఆపడానికి పూర్వం రైతులు పెంచిన సైప్రస్ చెట్ల వరుసలు అక్కడ ఉన్నాయి. ఇళ్ళను ఆ వరుసల నీడలో గుంపులుగా చేర్చి, మధ్య గడ్డి మైదానాలను అందరి ఉమ్మడిగా వదిలేయాలన్నది అతని ఆలోచన. చల్లటి, గాలి ఎక్కువున్న తీరానికి అదే సరైన జవాబు. తర్వాతి కాలంలో ప్లాట్లు మైదానాల మీదికి పాకాయి, మొదటి గుంపుల అందం పలచబడింది. ప్లాను ఎంత గొప్పదైనా, ఉమ్మడి స్థలాన్ని పత్రాల్లో గట్టిగా కట్టేయకపోతే అమ్మకాల విభాగం దాన్ని తినేస్తుంది.

నేనైతే జనం నడిచే ఊరు కావాలనుకుంటే సీసైడ్ పద్ధతి, నేల సున్నితంగా ఉండి ఇళ్ళు తక్కువైతే సీ రాంచ్ పద్ధతి ఎంచుకుంటాను. రెండింటినీ కలిపితే చాలాసార్లు రెండూ చెడతాయి.

వీధులు గీసేటప్పుడు కాగితం మీద ముందు 400 మీటర్ల వృత్తాలు వేయండి. సుమారు ఐదు నిమిషాల నడక అంతే. బజారు, ఈత కొలను, బీచ్ మెట్లు ఆ లోపలే ఉంటే ఇంటి నుంచి కారు తీయరు. కార్లను ఊరి వెనక అంచున ఆపించి, సామాను దించడానికి మాత్రం లోపలికి రానివ్వాలి. వీధుల్ని గాలికి సూటిగా ఎదురు పెట్టకుండా కొంచెం ఏటవాలుగా తిప్పితే వేడి ప్రాంతాల్లో గాలి పక్క ఇళ్ళలోకీ దూరుతుంది. చలి ప్రాంతాల్లో ఆ గాలినే ఆపాలి కాబట్టి వీధిని మధ్యలో విరవాలి.

ఎత్తు విషయంలో సూత్రం సులువు: ముందు పొట్టి, వెనక పొడుగు. సముద్రం దగ్గర ఒకటి రెండు అంతస్తులు, వెనక్కి పోయేకొద్దీ మూడు, నాలుగు. దక్షిణ ఫ్రాన్స్‌లో ఝా బలదూర్ గీసిన లా గ్రాండ్ మోత్‌లో భవనాలను పిరమిడ్లలా మెట్లుమెట్లుగా కట్టారు. ఆ రూపం చూడగానే కొందరికి నచ్చదు, నాకూ మొదట నచ్చలేదు. కానీ మెట్టుమెట్టుకీ ఒక డాబా వచ్చింది. మధ్యలో కాలినడక దారులు, వేల చెట్లు కలిసి దాన్ని నీడనిచ్చే ఊరుగా మార్చేశాయి.

ఐదో దశ: ఎవరెవరు ఉంటారు?

సొంతంగా నివసించేవాళ్ళు, వారాంతాలకు వచ్చేవాళ్ళు, అద్దెకు దిగే అతిథులు, పనిచేసేవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి బీచ్‌కి వచ్చేవాళ్ళు. ఐదు రకాలవాళ్ళ దారులూ ప్లాను మీద ఐదు రంగుల్లో గీసి చూడండి. హోటల్, పెళ్ళి మైదానం, బార్ ఒక కొసన ఉండాలి. అర్ధరాత్రి చప్పుడు పడుకున్న పసిపిల్లల కిటికీల మీదుగా పోకూడదు. బజారు వీధిని లోపల దాచిపెట్టకుండా బయటి ప్రధాన రోడ్డుకు ఆనించాలి. సీజన్ లేని నెలల్లో బయటివాళ్ళు కొంటేనే ఆ షాపులు బతుకుతాయి.

పనివాళ్ళ ఇళ్ళను చాలా ప్లాన్లు మర్చిపోతాయి. వంటవాళ్ళు, తోటమాలీలు రెండు గంటలు బస్సెక్కి రావాలంటే తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఊర్లో ఎవరూ ఉండరు. నడిచొచ్చే దూరంలో, మంచి ఇళ్ళు, మొదటి విడతలోనే.

బీచ్ దారిని బయటివాళ్ళకు మూసేస్తే అమ్మకాలు పెరుగుతాయనుకోవడం పాత భ్రమ. సీ రాంచ్‌లో ఈ తగాదా వల్లే 1970లలో నిర్మాణాలు ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. చివరికి 1980లో రాష్ట్ర చట్టం ద్వారా రాజీ కుదిరింది, ప్రజలకు దారులు ఇవ్వక తప్పలేదు. చివరికి ఎలాగూ ఇచ్చేదే కాబట్టి, ముందే అందంగా గీసి, పార్కింగూ మరుగుదొడ్లతో సహా ఇచ్చేయడం తక్కువ ఖర్చు.

ఆరో దశ: ఇల్లు

ప్రతి ఇల్లూ ఒక్కరే గీస్తే ఊరు హోటల్‌లా ఉంటుంది, ఎవరి ఇష్టం వాళ్ళదైతే సంతలా ఉంటుంది. మధ్యే మార్గం డిజైన్ కోడ్, అంటే అన్ని ఇళ్ళకూ వర్తించే నియమాల పట్టిక. సీసైడ్ కోడ్ ఒకే పెద్ద కాగితం మీద పట్టేది. ముందు వసారా ఎంత లోతుండాలి, కంచె ఎక్కడుండాలి లాంటివి అందులో ఉన్నాయి. ఒకే వీధిలో ఏ రెండు కంచెలూ ఒకే డిజైన్‌లో ఉండకూడదన్న నియమం నాకు చాలా ఇష్టం. వంద పేజీల కోడ్ ఎవరూ చదవరు. పది నియమాలు రాసి వాటిని నిజంగా అమలు చేయండి.

నేల మట్టం: ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందో, దానిపై కెరటం ఎంతో, ఆపైన భద్రతకు ఇంకొంత కలిపి మొదటి నివాస అంతస్తును అక్కడ పెట్టాలి. కింద స్తంభాలు మాత్రమే ఉండి, నీళ్ళు దూసుకుపోవడానికి వీలుండాలి. కింద గోడలు కావాలంటే, నీటి తాకిడికి స్తంభాలను లాగకుండా విడిపోయేవే కట్టాలి. కరెంటు బోర్డు, పంపు, జనరేటర్ కూడా పైనే.

పైకప్పు: గట్టి గాలికి నాలుగు వైపులా వాలిన కప్పు, రెండు వైపులా వాలిన కప్పు కంటే బాగా నిలుస్తుంది. సీ రాంచ్‌లో గాలి పట్టుకోకుండా చూరే లేకుండా కట్టారు. ఎండా వానా ఎక్కువున్న చోట చూరు లేకపోతే కుదరదు. అలాంటప్పుడు వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా ఆనించండి. పెనుగాలికి వసారా ఎగిరిపోయినా ఇంటి కప్పును వెంట తీసుకుపోదు.

ఉప్పు: తీరపు ఇంటికి అసలు శత్రువు తుఫాను కాదంటాను, అది ఎప్పుడో వస్తుంది. ఉప్పుగాలి రోజూ వస్తుంది. కాంక్రీటులోకి క్లోరైడ్లు దూరి ఇనుప ఊచలను తినేస్తాయి. ఊచ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అందుకే ఊచల మీద కాంక్రీటు పొర (కవర్) 50 నుంచి 75 మిల్లీమీటర్లు ఉంచాలి, కాంక్రీటులో నీళ్ళు తక్కువ కలపాలి, తడి ఆరకుండా క్యూరింగ్ బాగా చేయాలి. బీచ్ ఇసుకను, ఉప్పునీటిని కాంక్రీటులో కలపనివ్వొద్దు. సైట్లో కాపలా లేకపోతే ఇది జరిగి తీరుతుంది. బోల్టులు, రెయిలింగులు, తలుపు బందులకు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. 304 కొన్నాళ్ళకే గోధుమరంగు మచ్చలు తేలుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకే చోట మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి. ఏసీ బయటి యూనిట్లను సముద్రం వైపు గోడకు ఎప్పుడూ బిగించొద్దు.

ఇంకొక చిన్న సంగతి. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు కాళ్ళు కడుక్కునే కుళాయి, కూర్చోవడానికి ఒక అరుగు ఉండాలి. ఇవి లేని ఇంట్లో జారుడు తలుపుల గాడిలో ఇసుక నిండి, రెండో ఏడాదికల్లా తలుపు తెరుచుకోదు.

ఏడో దశ: చీకటి

తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే రాత్రి దీపాలు ప్రాణం మీదికి తెస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. చీకటి రాత్రి ఆ వెలుతురు సముద్రానిది కావాలి, మీ రెస్టారెంటుది కాకూడదు. దీపాలు తక్కువ ఎత్తులో, కిందికే వెలుగు పడేలా, పైన మూతతో, 560 నానోమీటర్లు దాటిన తరంగదైర్ఘ్యం గల ఎర్ర, కాషాయ వెలుగుతో ఉండాలి. సముద్రం వైపు కిటికీలకు సీజన్లో పరదాలు వేయాలి. తాబేళ్ళు రాని తీరమైనా ఇలాగే చేయండి, నక్షత్రాలు కనబడతాయి.

ఎనిమిదో దశ: కొంచెం కొంచెంగా కట్టడం

అన్ని రోడ్లూ ఒకేసారి వేసేసి, కొనేవాళ్ళ కోసం చూడకండి. సీసైడ్ ఒక్క వీధిలో రెండు ఇళ్ళతో మొదలైంది. ఒక వీధి, ఒక మండపం, ఒక చిన్న బజారు పూర్తిచేసి, అక్కడ ఒక తుఫాను కాలం గడిచాక ఏది తప్పిందో చూసి రెండో వీధి గీయండి. మొదటి ఇంటి నుంచే ప్రతి అమ్మకంలో కొంత మొత్తం నిర్వహణ నిధికి పోవాలి. దిబ్బల పట్టీని ఇళ్ళ యజమానుల అసోసియేషన్ పేర, ఎప్పటికీ అమ్మడానికి, కట్టడానికి వీల్లేకుండా రిజిస్టర్ చేయించాలి. దిబ్బల మీద నడక కోసం ఎత్తైన చెక్క వంతెనలే ఉండాలి. పెద్ద తుఫాను తర్వాత విప్పి మళ్ళీ బిగించేలా వాటిని ముక్కలుగా చేయించండి.

చివరిగా, కట్టకూడని గీత మీద వంద మీటర్లకొకటి చొప్పున కాంక్రీటు సర్వే రాళ్ళు పాతించండి. ఏటా రెండుసార్లు ఆ రాయి నుంచి దిబ్బ అంచు దాకా టేపు పెట్టి కొలిచి, అదే చోట నిలబడి ఒక ఫోటో తీసి, రిజిస్టర్లో రాయించండి. దూరం ఎంతకు తగ్గితే ఏం చేయాలో కూడా ఆ రిజిస్టర్ మొదటి పేజీలోనే ముందుగా రాసి పెట్టుకోండి: 60 మీటర్లకు వస్తే దిబ్బల మీద మొక్కలు దట్టం చేయడం, 40కి వస్తే చెక్క వంతెనలు, మండపాలు వెనక్కి జరపడం, 25కి వస్తే ముందు వరుస ఇళ్ళవాళ్ళతో కూర్చుని మాట్లాడటం.